షేక్‌స్పియర్ ఏ కాయితం మీద సంతకం పెట్టాడు?

నాటకాల మీద పాఠకుల ప్రశ్నలు, విజయనగరం నుంచి మాస్టారి జవాబులు

ప్రశ్న: నమస్తే మాస్టారూ. నేను ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నాను. షేక్‌స్పియర్ ముసలితనంలో అన్నిటి మీదా విరక్తి పుట్టి విషం మింగినట్టు ఒక నాటకం ఉందట. క్లాసులో ఆ మాటంటే అందరూ నవ్వారు. సిలబస్‌లో లేదు, మా లైబ్రరీలో లేదు. అలాంటిది నిజంగా ఉందా? ఉంటే అందులో ఏముంది?
– ఒక విద్యార్థిని, పాలకొండ

జవాబు: ఉందమ్మా. నవ్వినవాళ్ళని నవ్వనీ. దాని పేరు ‘బింగో’. రాసినవాడు ఎడ్వర్డ్ బాండ్, 2024 మార్చిలో పోయాడు. 1965లో ఈయన రాసిన ‘సేవ్డ్’ నాటకంలో కుర్రాళ్ళు పార్కులో ఒక పసిబిడ్డని రాళ్ళతో కొట్టి చంపుతారు. దాని మీద లండన్‌లో పెద్ద రగడ అయింది, కేసు కూడా నడిచింది. 1968లో అక్కడ నాటకాల మీద సెన్సారు ఎత్తేశారంటే ఆ రగడకీ అందులో వాటా ఉంది. అలాంటి మనిషి షేక్‌స్పియర్ మీద నాటకం రాస్తే పూలదండ వేసి దణ్ణం పెడతాడని ఎవరూ అనుకోలేదు.

‘బింగో’ని మొదట 1973 నవంబరులో ఎక్సెటర్ అనే ఊళ్ళో ఆడారు. మరుసటేడు లండన్ రాయల్ కోర్టు థియేటర్లో జాన్ గీల్గుడ్ షేక్‌స్పియర్ వేషం కట్టాడు. తర్వాత ప్యాట్రిక్ స్టివర్ట్ వేశాడు. హాలీవుడ్ సినిమాల్లో చక్రాల కుర్చీలో కూచునే బట్టతల ప్రొఫెసరు ఉన్నాడే, ఆయనే. ముప్పైల్లో ఉండగా ఒకసారి వేసి, మళ్ళీ డెబ్బై దాటాక 2012లో లండన్‌లో అదే వేషం వేశాడు. ఇంతమంది పెద్దవాళ్ళు వేసినా నాటకం మాత్రం జనంలోకి పోలేదు. ఎందుకు పోలేదో కథ వింటే నీకే తెలుస్తుంది.

తెర లేచేసరికి షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో తన పెద్దింటి తోటలో కూర్చుని ఉంటాడు. లండన్, నాటకాలు, రాజదర్బారు అన్నీ వెనకబడిపోయాయి. రాయడం లేదు. భార్య లోపలి గదిలో ఉంటుంది, నాటకం అయ్యేదాకా మనకి కనబడదు. కూతురు జూడిత్‌కి తండ్రి మీద కోపం. తోటపని చేసే ముసలాయన ఒకప్పుడు సైన్యంలో తలకి దెబ్బ తగిలి పసిపిల్లాడి బుద్ధితో మిగిలిపోయాడు. ఆయన భార్యే ఈ ఇంట్లో పని చక్కబెడుతుంది. ఇంతలో ఊరూరూ తిరిగే ఒక అమ్మాయి అడుక్కుంటూ వస్తుంది. భూస్వామి విలియం కూంబ్ ఆ పిల్లని పట్టించి కొరడాలతో కొట్టిస్తాడు. కొంతకాలానికి ఇళ్ళకి నిప్పు పెట్టిందని ఆమెనే ఉరి తీస్తారు.

మూడో సీను చూడు. ఊరి బయట గుట్ట మీద ఆ పిల్ల శవం కొయ్యకి వేలాడుతూ ఉంటుంది. దాని కింద కూలివాళ్ళు కూర్చుని మధ్యాహ్నం రొట్టె తింటుంటారు. పక్కనే షేక్‌స్పియర్. వాళ్ళకి శవం అలవాటు, ఆయనకి కాదు. లండన్‌లో తన థియేటర్‌కి వెళ్ళే దారిలో ద్వారం మీద గుచ్చిన మనుషుల తలలూ, తన పాత్రలు స్టేజి మీద మాట్లాడుతుంటే పక్క గోదాలో కుక్కలు పీకుతున్న ఎలుగుబంట్ల అరుపులూ ఆయనకి గుర్తొస్తాయి. అన్నేళ్ళూ ఆ అరుపుల మధ్యే కదా మంచిమాటలు రాశాను అనుకుంటాడు. బాండ్ ఇక్కడ ఒక్క కన్నీటి చుక్క అడగడు. రొట్టె నమిలే చప్పుడు మాత్రం వినబడుతుంది.

ఆ తర్వాత సత్రంలో తోటి నాటకకర్త బెన్ జాన్సన్‌తో తాగుడు, మంచులో తిరగడం, చీకట్లో జరిగిన కాల్పుల్లో ఆ ముసలాయన చావడం. ఆఖరి సీనులో షేక్‌స్పియర్ మంచం మీద ఉంటాడు. తలుపు అవతల భార్యా కూతురూ గుద్దుతూ ఏడుస్తుంటారు. వీలునామా కాయితాలు తలుపు కింద సందులోంచి అవతలికి తోస్తాడు. విషపు మాత్రలు మింగి, ఏమన్నా చేశానా, ఏమన్నా జరిగిందా అని తనని తానే అడుగుతూ పోతాడు. తండ్రి శవం ఇంకా చల్లబడకముందే జూడిత్ వచ్చి గదిలో డబ్బు కోసం, కాయితాల కోసం వెతుకుతుంది.

ఇందులో ఏది నిజం, ఏది కల్పన? విషం మింగడం బాండ్ కల్పనే, దానికి ఎక్కడా ఆధారం లేదు. షేక్‌స్పియర్ 1616 ఏప్రిల్ 23న పోయాడు. నెల ముందు, మార్చి 25న వీలునామా మీద సంతకాలు చేశాడు. నాటకంలో జూడిత్‌కి పెళ్ళి కాలేదు. నిజం జూడిత్‌కి తండ్రి పోవడానికి రెండు నెలల ముందే పెళ్ళయింది. కూంబ్ అనే పాత్రలో అప్పటి మనుషులు చాలామందిని కలిపేశానని బాండే ముందుమాటలో చెప్పాడు.

కానీ పొలం గొడవ నిజం. నీ క్లాసులో నవ్వినవాళ్ళకి చెప్పాల్సింది విషం సంగతి కాదమ్మా, ఇదీ.

1605లో షేక్‌స్పియర్ 440 పౌన్లు పెట్టి ఊరి చుట్టుపట్ల పొలాల పంటలో పదోవంతు వసూలు చేసుకునే హక్కులో వాటా కొన్నాడు. ఒకప్పుడు చర్చికి చెందిన హక్కు అది. అప్పట్లో స్ట్రాట్‌ఫర్డ్ బడిపంతులు జీతం ఏడాదికి 20 పౌన్లు. నేనూ పంతులుద్యోగం చేసి రిటైరైనవాణ్ణే కాబట్టి ఈ లెక్క నాకు వెంటనే తగిలింది. ఇరవై రెండేళ్ళ జీతం, ఒక్క కొనుగోలు. 1614లో వెల్కమ్ అనే చోట ఉమ్మడి పొలాలకి కంచె వేసి, దున్నకం మాన్పించి గొర్రెల బీడు చేద్దామని నిజం కూంబ్ మనుషులు బయల్దేరారు. బీడు పడితే దున్నేవాళ్ళకీ కోసేవాళ్ళకీ పని పోతుంది. ధాన్యం తగ్గితే పదోవంతు పుచ్చుకునే ఆసామికి కూడా దెబ్బే. ఆ రెండో దెబ్బ తగలకుండా 1614 అక్టోబరు 28న ఒక ఒప్పందం రాసుకున్నారు. కంచెల వల్ల షేక్‌స్పియర్ ఆదాయానికి నష్టం వస్తే కూంబ్ వైపు వాళ్ళు పూడుస్తారని. మొదటి దెబ్బ తినేవాళ్ళ ఊసు ఆ కాయితంలో లేదు.

ఊరి పాలకవర్గం కంచెలకి ఎదురు తిరిగింది. వాళ్ళ గుమాస్తా థామస్ గ్రీన్ షేక్‌స్పియర్‌కి బంధువు. ఆయన రాసుకున్న చిట్టా ఇప్పటికీ ఉంది. 1614 నవంబరులో లండన్‌లో షేక్‌స్పియర్‌ని కలిసి అడిగితే, అసలు ఏమీ జరగదనే మేం అనుకుంటున్నాం అని ఆయనా అల్లుడూ చెప్పారట. కొన్నాళ్ళకే కంచెల కోసం గోతులు తవ్వడం మొదలైంది. 1615 జనవరిలో ఊరి ఆడవాళ్ళూ పిల్లలూ వెళ్ళి ఆ గోతులు పూడ్చేశారు. ఆ వసంతంలోనే కోర్టు కంచెలు ఆపమంది.

మహాకవి ఆ గోతుల దగ్గరికి వెళ్ళినట్టు ఎక్కడా లేదు. బాండ్ నాటకమంతా ఈ ఖాళీలోనే పుట్టింది. నలుగురూ దీన్ని ‘కళాకారుడి విరక్తి’ కింద జమకడతారు. నా మటుకు నాకు ఇది భూమి కేసు నాటకం. విరక్తి ఊరికే రాలేదు, సంతకం పెట్టాక వచ్చింది.

*

ప్రశ్న: షేక్‌స్పియర్ బెన్ జాన్సన్‌తో కలిసి బాగా తాగి, జ్వరం తగిలి పోయాడని చదివాను. నిజమేనా సార్?
– టెక్కలి పాఠకుడు

జవాబు: ఆ మాట రాసినవాడు జాన్ వార్డ్, స్ట్రాట్‌ఫర్డ్ చర్చి ఫాదిరీ. షేక్‌స్పియర్, జాన్సన్, కవి డ్రేటన్ ముగ్గురూ కలిసి సరదాగా కూర్చున్నారనీ, తాగుడు ఎక్కువై జ్వరం వచ్చి పోయాడనీ రాశాడు. రాసింది షేక్‌స్పియర్ పోయిన దాదాపు నలభై అయిదేళ్ళ తర్వాత, విన్న మాట. బాండ్ దాన్నే తీసుకుని సత్రం సీను కట్టాడు, డ్రేటన్‌ని వదిలేశాడు. అందులో సరదా ఏమీ లేదు. జాన్సన్ తాగుతూ తన జైళ్ళూ తగాదాలూ ఏకరువు పెట్టి, ఏం రాస్తున్నావని అడుగుతాడు. ఏమీ లేదంటాడు ఈయన. ఇద్దరు రచయితలు కలిస్తే ఎలా ఉంటుందో మనకి తెలియనిదా? ఒకడు మాట్లాడతాడు, రెండోవాడు గ్లాసు చూస్తాడు.

*

ప్రశ్న: అయ్యా, నలభై ఏళ్ళు బడిలో ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ చెప్పినవాణ్ణి. అంతటివాణ్ణి డబ్బు మనిషిగా, ఆత్మహత్య చేసుకున్నవాడిగా చూపించడం ఏం పని? మన గురజాడ వారి మీద ఎవడైనా ఇలా రాస్తే ఊరుకుంటామా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, మీ కోపం నాకు అర్థమైంది. మన వైపు షేక్‌స్పియర్ అంటే మొదటినుంచీ ఇంటి మనిషే. మీ బొబ్బిలి పక్కన అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు కాళిదాసునీ షేక్‌స్పియర్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టి ‘నవరసతరంగిణి’ రాశారు. హరికథ చెప్పే నోటితో షేక్‌స్పియర్‌ని పలికించిన ఊరు మనది. అలాంటి చోట ఆయన్ని బోనెక్కిస్తే మనసు చివుక్కుమంటుంది.

అయితే బాండ్ షేక్‌స్పియర్‌ని చిన్నవాణ్ణి చేశాడని నేను అనుకోను. ‘కింగ్ లియర్’ రాసిన చెయ్యే ఈ ఒప్పందం మీద సంతకం పెట్టింది, ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇమిడాయని అడిగాడు. లియర్ గాలివానలో తడుస్తూ, గుడ్డ లేని బీదల సంగతి ఇన్నాళ్ళూ నేను పట్టించుకోలేదే అని వాపోతాడు కదా. మీరు చెప్పే ఉంటారు పిల్లలకి. ఆ మాట రాసినవాడు షేక్‌స్పియరే. అది రాయనివాడైతే బాండ్ ఆయన జోలికే పోయేవాడు కాదు. మామూలు భూస్వామి సంతకం పెడితే నాటకం ఎందుకవుతుంది? కూంబ్ పాత్రనే చూడండి, అతనికి ఏ బాధా లేదు, హాయిగా ఉంటాడు. లోకం నడవాలంటే ఎవరో ఒకరు ఇలాంటి పనులు చెయ్యాలి అంటాడు. వాదనలో అతను ఎక్కడా తగ్గడు కూడా. బాండ్ అతన్ని దుర్మార్గుడిగా రాయకపోవడమే నాకు నచ్చింది.

నాకు ఒప్పుకోబుద్ధి కానిది వేరే ఉంది. భార్యని తలుపు వెనకే ఉంచేయడం. వీలునామాలో రెండో రకం మంచం భార్యకి రాశాడన్న ఒక్క ముక్క పట్టుకుని రెండు శతాబ్దాలకి పైగా ఆ ఇల్లాలి మీద కథలు అల్లారు. బాండ్ కూడా ఆ గుంపులో చేరాడు. ఊళ్ళో బీదవాళ్ళ గొంతు అంత శ్రద్ధగా విన్నవాడు ఇంట్లో మనిషికి ఏడుపు తప్ప మాట ఇవ్వలేదు.

ఇక గురజాడ వారి సంగతి. ఆయన ఆఖరి ఏళ్ళు ఇలా లేవండి. కన్యాశుల్కం రెండో కూర్పు 1909లో తెచ్చారు. 1910లో దిద్దుబాటు, ముత్యాల సరాలు. మద్రాసు యూనివర్సిటీ తెలుగు ఎలా ఉండాలన్న తగువులో 1914లో అసమ్మతి పత్రం రాశారు. 1915 నవంబరు 30న పోయేనాటికి ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ సగంలో ఉన్నాయి. బాండ్ షేక్‌స్పియర్ కలం పక్కన పెట్టేసినవాడు. అప్పారావు గారు ఒంట్లో ఓపిక లేకపోయినా కలం వదల్లేదు. విజయనగరంలో ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, ఈసారి ఇటొస్తే మిమ్మల్ని తీసుకెళ్తాను.

కానీ ఎవరైనా రాస్తే ఊరుకుంటామా అన్నారే, రాయనివ్వాలి మాస్టారూ. ఆయన జీతం సంస్థానానిది, సంస్థానం డబ్బు రైతు కట్టిన శిస్తు. ఆ నీడలో కూర్చునే గిరీశాన్నీ, లుబ్ధావధానుల్నీ, మధురవాణినీ ఎలా రాయగలిగాడు అని ఒకడు నిజాయితీగా అడిగితే మంచి నాటకమే అవుతుంది. పూలదండలు వేసే నాటకాలు ఆయన మీద ఇప్పటికే చాలా చూశాం. ఏటా ఆయన పుట్టినరోజు, సెప్టెంబరు 21 వచ్చేసరికి ఒకటి రెడీ.

*

ప్రశ్న: మాస్టారూ, కిందటి సంచికలో మీరు ‘బింగో’ పేరెత్తారు. మా సమాజానికి పరిషత్తు పోటీకి నాటిక కావాలి. గంటలోకి కుదించి తెలుగులో వేయొచ్చా? కథని మన ఊళ్ళోకి మార్చేస్తే జనానికి ఎక్కుతుందని మా కుర్రాళ్ళ అభిప్రాయం. పెద్ద వేషం మా సీనియర్ నటుడు అడుగుతున్నారు.
– ఒక నాటక సమాజ కార్యదర్శి, చీపురుపల్లి

జవాబు: ముందు అసలు పని. బాండ్ పోయి ఎన్నాళ్ళో కాలేదు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళదాకా హక్కులు వారసులవే. అనువాదానికీ ప్రదర్శనకీ అనుమతి తీసుకోవాలి. ‘మూలం ఫలానా’ అని కరపత్రంలో వేస్తే చాలనుకునే అలవాటు మన సమాజాలకి ఉంది, చాలదు. పుస్తకం వేసిన పబ్లిషర్‌కి ఇంగ్లీషులో ఉత్తరం రాయండి. ముసాయిదా నాకు పంపిస్తే సరిచేసి ఇస్తాను.

మన ఊళ్ళోకి మార్చొద్దు. మారిస్తే షేక్‌స్పియర్ పోయి ఎవరో జమీందారు గారి ఆస్థానకవి వస్తాడు, వందసార్లు చూసిన నాటిక అవుతుంది. స్ట్రాట్‌ఫర్డ్ అలాగే ఉంచండి, పేర్లు ఉంచండి, భాష మాత్రం మనది పెట్టండి. ముసలాయన, ముసలామె, వాళ్ళ కొడుకు మన చీపురుపల్లి సంతలో మాట్లాడుకున్నట్టే మాట్లాడాలి. కూంబ్ మాత్రం ఎక్కడా గొంతు పెంచని, ఆఫీసులో ఫైలు కదిపే మనిషి తెలుగు మాట్లాడాలి.

మా సమాజంలో ఈ నాటకం నేను తెలుగులో చెప్పుకుంటూ చదివి వినిపించినప్పుడు బళ్ళో బెంచీల మీద పదిమంది కూర్చున్నారు. అందులో గజపతినగరం వైపు నుంచి వచ్చే కుర్రాడొకడు, సొంత భూమి లేదు, కౌలు చేసుకుంటాడు, మాకు విలన్ వేషాలకి బాగా పనికొస్తాడు. మిగతావాళ్ళంతా శవం సీను గురించీ విషం సీను గురించీ వాదించుకుంటుంటే అతను అడిగిన ప్రశ్న ఒక్కటే: “ఆ కాయితంలో దున్నేవోడి పేరు గానీ ఉందేటి మాస్టారూ?” లేదన్నాను. “అయితే మరేటి, మామూలే గదా” అని టీ తాగేశాడు. ఊరి బంజరుకి కంచె పడితే ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది గొడ్లు తోలుకెళ్ళే పిల్లాడికి. మన ప్రేక్షకుల్లో ఆ పిల్లాళ్ళూ, వాళ్ళ నాన్నలూ ఉంటారు. వాళ్ళకి వివరించక్కర్లేదు, కథ ఊరు మార్చక్కర్లేదు.

గంటలో అంటే నాలుగు సీన్లు పెట్టుకోండి: తోటలో కూంబ్ వచ్చేది, గుట్ట మీది రొట్టె సీను, సత్రం, ఆఖరి గది. మంచు సీను తీసేస్తే ముసలాయన చావు మాటల్లో చెప్పించుకోవాలి, కొడుకు నోటితో ఆఖరి సీనులో చెప్పించండి, మూలంలో కూడా ఆ గదిలో ఆ ప్రస్తావన వస్తుంది. మంచు పెట్టాలని ఎవరైనా పట్టుబడితే మాత్రం థర్మకోల్ పొడి వద్దు. ఒకసారి ఫ్యాను ముందు పోస్తే హార్మోనియం మెట్ల సందుల్లోకి దూరి రెండో నాటికవాళ్ళ పద్యం ఆగిపోయింది.

శవానికి అమ్మాయిని వేలాడదీయకండి. వెనక తెర దగ్గర, ప్రేక్షకులకి వీపు చూపిస్తూ ఒక కొయ్యకి గోనెపట్టా చుట్టిన ఆకారం చాలు, దాని మీద లైటు వద్దు. లైటంతా రొట్టె తినేవాళ్ళ మీదే ఉండాలి, వాళ్ళు నిజంగా తినాలి. నములుతున్నట్టు నటించడం మన స్టేజి మీద పాత జబ్బు. ముఖ్యమైన ఆడవేషాలు మూడు ఉన్నాయి. ముసలామెకి అనుభవం ఉన్న నటిని బయటినుంచి పిలిపించండి, రైలు చార్జీకీ పారితోషికానికీ వెనకాడకండి. నాటిక అంతటికీ వెన్నెముక ఆ వేషం.

ఇక మీ సీనియర్ గారి సంగతి. ఆయనకి ముందే చెప్పేయండి: తోట సీనులో షేక్‌స్పియర్ దాదాపు మాట్లాడడు. కూర్చుంటాడు, వింటాడు, అవునంటాడు. పరిషత్తులో ఉత్తమ నటుడి బహుమతి గుక్క తిప్పుకోకుండా డైలాగు చెప్పినవాడికే ఇవ్వడం మనకి తెలుసు కాబట్టి ఆయన డైలాగులు కలపమంటారు. కలపకండి. ఒప్పుకోకపోతే కూంబ్ ఇవ్వండి, సంతోషిస్తారు, ఆ సీనులో మాటలు అతనికే ఎక్కువ. షేక్‌స్పియర్‌కి మీలో ఎవరైనా ఊరుకుని కూర్చోగలిగే మనిషి ఉన్నాడేమో చూడండి. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్ళు ఈ వేషానికి పనికొస్తారని నాకో నమ్మకం. ఎదుటివాడి కష్టం పూర్తిగా విని, ఆ తర్వాత కాయితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించిన అనుభవం వాళ్ళకి ఉంటుంది.

అనుమతి వచ్చాక రాయండి. రిహార్సల్ సాయంత్రాలు పెట్టుకుంటే ప్యాసింజరు పట్టుకుని నేనూ వస్తాను.